అల్లుడి పరుపు

పాలలో నానిన బ్రెడ్డును వేళ్ళతో మెదిపి, అందులో మాత్ర పొడి కలిపి, గిన్నెను అల్లుడి మూతి ముందుకు జరిపింది బాణమ్మ. అల్లుడు ఒక కన్ను తెరిచాడు. గిన్నెను చూశాడు, ఆమెను చూశాడు, తోక కొసను నేల మీద ఓసారి ఆడించి మళ్ళీ కన్ను మూసుకున్నాడు.

"నిన్నా ఇదే వరస. ఎవరి మీదయ్యా ఈ అలక?" అంది.

అల్లుడు ఆ ఇంటి కుక్క. గోధుమ రంగు ఒళ్ళు, నిలబడిన చెవి ఒకటి, వాలిపోయిన చెవి ఒకటి. ఆమె మరిది ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన సాయంత్రం గుమ్మంలో చతికిలబడి, ఏం పెట్టినా మొహం తిప్పుకుని, ఇంకా ఏదో మర్యాద బాకీ ఉన్నట్టు అందరినీ ఎగాదిగా చూశాడు. "అచ్చం కొత్తల్లుడే" అన్నాడు మరిది. పిల్లలు లేని ఇంటికి అల్లుడు మాత్రం అలా దొరికాడు.

ఇప్పుడు అల్లుడి మూతి నెరిసింది. వెనక కాళ్ళు నిలవడం లేదు. గుండె అలిసిపోయిందనీ, ఇక మందులతో హింసించకుండా హాయిగా పడుకోనివ్వమనీ నిన్న పశువుల డాక్టరు చెప్పేశాడు. అయినా బాణమ్మ మాత్రలు మానలేదు.

"తమ్ముడికి ఫోన్ చేద్దామా?" అన్నాడు భర్త, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. ఆయన బస్ స్టేషన్లో విచారణ కిటికీ దగ్గర పనిచేస్తాడు. రోజంతా జవాబులు చెప్పొచ్చే మనిషి గనక ఇంట్లో నోరు విప్పడు. అలాంటి మనిషి తనంతట తనే ప్రశ్న వేశాడు.

"ఎందుకూ? మీ తమ్ముడేమన్నా డాక్టరా?"

"ఒకసారి చూసుకుంటాడని."

"ఇన్నాళ్ళూ చూసింది చాలు. వద్దు."

భర్త భోజనం డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. బాణమ్మ వంటింటి అల్మారాలో దేవుడి పటం ముందు నిలబడింది. ఆమె ప్రార్థన కోరికల చిట్టా కాదు, ఫిర్యాదు. పొద్దున్నే ఎవరికన్నా ముందు లేచాను, ఎవరి సొమ్మూ ముట్టలేదు, అల్లుడికి స్నానం చేయించాను, వాంతి చేసుకుంటే ఎత్తిపోశాను. మరిది? అతను ఏం చేశాడో నీకూ తెలుసు. తను పనిచేసే చొక్కాల ఫ్యాక్టరీలోలాగే దేవుడి దగ్గరా ఒక చెకింగ్ టేబుల్ ఉంటుందనీ, అక్కడ తన సరుకు ఏనాటికైనా మొదటి రకంగా తేలుతుందనీ ఆమెకు గట్టి నమ్మకం.

నమ్మకం సంగతి ఎలా ఉన్నా, అల్లుడి లెక్క మాత్రం ఆమెకు ఎప్పుడూ మింగుడు పడలేదు. గిన్నె నింపేది తను. పేలు ఏరేది తను. తను పని నుంచి వస్తే అల్లుడు లేచి, ఒళ్ళు విరుచుకుని, తోక ఆడించి, సంచీ వాసన చూసి వెళ్ళి పడుకునేవాడు, హాజరుపట్టీలో సంతకం పెట్టినట్టు. మరిది వస్తే వేరు. ఎప్పుడో తోచినప్పుడు వచ్చే ఆ పెద్దమనిషి స్కూటరు వీధి మలుపు తిరగ్గానే ఇక ఇల్లు ఇల్లు కాదు. కుర్చీలు పడేవి, నీళ్ళ బిందె ఒలికేది, అల్లుడు ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో మూలుగుతూ అతని మొహమంతా నాకేసేవాడు.

అతనేం తక్కువవాడా? ఉద్యోగాలు చొక్కాల్లా మార్చినవాడు. ఒకసారి అల్లుణ్ణి షికారుకు తీసుకెళ్ళి, మంగలి షాపు బయట స్తంభానికి కట్టేసి, లోపల క్షవరం చేయించుకుని, వేరే దారిన ఇంటికొచ్చాడు. "తల భలే తేలిగ్గా ఉంది వదినా" అన్నాడే తప్ప, చెయ్యి కూడా తేలిగ్గా ఉందని గమనించలేదు. చీకటి పడ్డాక, తెగిన తాడుతో అల్లుడే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చి ముందు ఎవరి మీదికి ఎగిరాడు? అతని మీదికే! దాన్ని క్షమించడం అనడానికి కూడా లేదు. క్షమించాలంటే తప్పు గుర్తుండాలి కదా. ఆ రాత్రి బాణమ్మకు అన్నం సయించలేదు.

అల్లుడి మీద దుప్పటి సర్ది, కిటికీ ఓరగా వేసి, ఆమె పనికి బయల్దేరింది.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చివరి హాలు చెకింగ్. బల్లల మీద తెల్లని ట్యూబులైట్లు. బాణమ్మ ముందుకు చొక్కా వస్తుంది. ఆమె కాలరు ముందు చూస్తుంది, తర్వాత బొత్తాల పట్టీ, చేతులు, చంకల కుట్టు, అంచు. తిరగేసి మళ్ళీ చూస్తుంది. ఎడమ చేతి మీద ఎర్ర బాణం స్టిక్కర్లు వరసగా అంటించుకుని ఉంటుంది. కుట్టు తప్పిన చోట, మరక పడ్డ చోట, బాణం మొన సరిగ్గా లోపాన్ని చూపేలా ఒకటి అంటించి చొక్కాను పక్క బుట్టలో పడేస్తుంది. ఆమె పెట్టిన బాణానికి తిరుగులేదు. ఆ పేరు అలా వచ్చింది. వచ్చి ఎన్నేళ్ళయిందో, అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే వెనక్కి తిరిగి చూడదు.

బాగుచెయ్యడానికి వీల్లేని చొక్కాల్ని కత్తిరించి తుక్కు కింద పారేస్తారు. అడిగి ఆ ముక్కలు తెచ్చుకుని, ఒకటికొకటి అతికి, లోపల పీలికలు కూరి, అల్లుడికి ఆమె ఒక పరుపు కుట్టింది. పేరుకు పరుపు, నిజానికి లోపాల ప్రదర్శన. ఉతుకుతుంటే స్టిక్కర్లన్నీ ఊడిపోయాయి గాని, ఒకటి మాత్రం కుట్టులో పడి ఉండిపోయింది. దాని మీద అల్లుడు మహారాజులా పడుకునేవాడు.

"అక్కా, కదలకు" అంది పక్క బల్ల దగ్గర దారాలు కత్తిరించే ఆవిడ. "నీకు బాణం పడింది."

"ఎక్కడ?"

"వీపు మీద. పొద్దున్నుంచీ అలాగే తిరుగుతున్నావు. లోపం ఎక్కడా అని మేమంతా వెతుకుతున్నాం."

"దొరికిందా?"

"ఒకటైతే దొరికేదే. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాం."

హాలంతా నవ్వింది. బాణమ్మ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. దారాలావిడ ఒలిచి ఇచ్చిన స్టిక్కరు ఆమె వేలి కొసకు అంటుకుని ఉంది. విదిలిస్తే పోలేదు.

వీపు. అల్లుడు వచ్చిన ఆ మొదటి రాత్రి వాన. మరిది తిని పడుకున్నాడు. గుమ్మం ముందు తడిసి వణుకుతున్న కుక్కపిల్లను ఆమే చీపురుతో గేటు దాకా తోలింది. కదలకపోతే వీపు మీద ఒక్కటి వేసింది. గడియ పెట్టి వచ్చి పడుకుంది. తెల్లారి పాల కోసం గేటు తీస్తే, అది అక్కడే బురదలో ముడుచుకుని ఉంది. ఆమెను చూసి లేచింది. ఒళ్ళు దులుపుకుని తోక ఊపింది. చీపురు పట్టిన మనిషిని చూసి!

మంగలి షాపు కథ ఆమె చుట్టాలందరికీ చెప్పింది. చీపురు కథ ఎవరికీ చెప్పలేదు. పొద్దుటి ప్రార్థనలో దేవుడికి కూడా చెప్పలేదు.

అంటే అల్లుడికి మొదటినుంచీ చెకింగే లేదు. తన చీపురూ పాసైంది, మరిది మతిమరుపూ పాసైంది. పైవాడు కూడా ఇలాంటివాడే అయితే? ఈ ఆలోచనకు ఆమెకు భక్తి కలగలేదు. ఒళ్ళు మండింది. మరి ఇన్నేళ్ళ తన మంచితనమంతా ఎవరు చూస్తున్నట్టు? ఆ క్షవరం మనిషికీ తనకూ ఒకే తోకా?

ఆ మంటలోనే, టీ విరామంలో, ఫోన్ తీసింది.

"ఏంటి వదినా, నువ్వే చేశావు? ఎవరు పోయారు?"

"ఇంకా పోలేదు. పోయేలోగా రా. అల్లుడు తినడం మానేశాడు."

"నా కోసం బెంగా?"

"నీ మొహం. వయసైపోయి." ఫోన్ చెవి మార్చుకుంది. "ఏమో, నీ కోసమేనేమో. రా ముందు."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పొద్దుటి గిన్నె పొద్దుటిలాగే ఉంది. పాల మీద మీగడ కట్టింది. అల్లుడు ఆమెను చూసి తోక కొస ఆడించాడు. ఆ కాస్త తోకనీ ఆమె మొదటిసారి కొలత వెయ్యకుండా తీసుకుంది. పక్కనే కూర్చుని చెవుల వెనక గోకింది. భర్త వచ్చి, సంగతి విని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

మలుపులో స్కూటరు చప్పుడైంది.

అల్లుడి నిలువు చెవి అటు తిరిగింది. ముందు కాళ్ళు నేల మీద బిగిశాయి. ఒళ్ళు లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. గొంతులోంచి ఆ పాత మూలుగు, సన్నగా, వచ్చింది. బాణమ్మకు ఆ మూలుగు ఎవరి కోసమో తెలుసు. ఇన్నేళ్ళుగా ఆమె కడుపు మండించింది అదే. అయినా ఒక చెయ్యి అల్లుడి ఛాతీ కిందికి, ఒకటి పొట్ట కిందికి పోనిచ్చి, బరువంతా తన మీద వేసుకుని, వాణ్ణి నాలుగు కాళ్ళ మీద నిలబెట్టి పట్టుకుంది.

మరిది గుమ్మంలోనే చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద వచ్చాడు. అల్లుడు అతని గడ్డం నాకాడు. అతని కోసం వాడి గుండె గబగబా కొట్టుకోవడం ఆమె అరచేతికి తెలుస్తోంది.

"జరుగు వదినా, పట్టుకుంటా" అని మరిది పరుపు మీద కూర్చోబోయాడు. అల్లుడు పళ్ళు కనబడకుండా గుర్రుమన్నాడు.

"చూశావా అన్నయ్యా? ఇప్పుడు కూడా! ఒక్కరోజు కూడా ఈ పరుపు మీద కూర్చోనివ్వలేదు నన్ను. వదిన కుట్టిందిట. ఎంత కుళ్ళుకున్నానో తెలుసా దీన్ని చూసి?"

"కుళ్ళుకోడానికేముంది అందులో?" అంది బాణమ్మ. "ముక్కలన్నీ పనికిరానివే."

"అది వాడికి చెప్పు."

బాణమ్మ అల్లుణ్ణి మెల్లగా పడుకోబెట్టి, టీ పెట్టడానికి లేచింది. ఆ మాటను మాత్రం వంటింట్లోకి తీసుకెళ్ళి, టీ మరిగినంతసేపూ అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

కప్పులతో వచ్చేసరికి ఇద్దరు మగవాళ్ళూ కదలకుండా ఉన్నారు.

"వెళ్ళిపోయాడు" అన్నాడు భర్త.

ఆమె ముందు చూసింది అల్లుడి తల ఎటు ఉందనే. మరిది వైపు లేదు. వంటింటి వైపూ లేదు. వీధి గుమ్మం వైపు ఉంది, ఇంకా ఎవరైనా వచ్చేవాళ్ళున్నారేమో అన్నట్టు.

అల్లుణ్ణి పాత దుప్పట్లో చుట్టి అన్నదమ్ములిద్దరూ పెరట్లోకి మోసుకెళ్ళారు. గోడ వెనక మట్టి తవ్వుతున్న చప్పుడు, మధ్య మధ్య మరిది ముక్కు ఎగబీల్చుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. బాణమ్మ పరుపు దగ్గర చేరి, ఎన్నాళ్ళ అలవాటో, దాన్ని దీపం వెలుగుకు లాగి అంచు నుంచి వెతికింది. గోధుమ రంగు వెంట్రుకల కింద ఏ కుట్టు తప్పిందో, ఏ మరక పడిందో ఒక్కటీ కనబడలేదు. కుట్టులో ఇరుక్కున్న ఎర్ర బాణం ఒక్కటే మిగిలి ఉంది, పరుపు నడుమ అల్లుడు పడుకుని పడుకుని చేసిన గుండ్రటి గుంటను చూపిస్తూ.