పొద్దుటి చెయ్యి

వదిన చేతిలోంచి వయొలిన్ కమాను జారి కిందపడింది. అదీ రేడియోలో పొద్దున్న ఆరింటి కార్యక్రమం మధ్యలో. కీళ్ళవాతం ఆమె వేళ్ళకెక్కి రెండేళ్ళయింది. మరోసారి పడితే వయొలిన్ దగ్గర ఇంకొకరిని కూర్చోబెడతామని స్టేషన్‌వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆ మాట ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. వడ్రంగి మరిది దగ్గరికొచ్చి, కమానుకి పట్టు దొరికే పిడి ఏదైనా చేసి పెట్టమంది.

వడ్రంగి ఆ మధ్యాహ్నమే పెన్సిలుకి లప్పం ముద్ద చుట్టి, కమాను పట్టుకున్నట్టు పట్టుకోమన్నాడు. లప్పంలో పడిన వేళ్ళ గుంటల ప్రకారం తేలికపాటి చెక్కలో పిడి చెక్కి తొడిగాడు. కొట్లోనే వాయించి చూసింది. అతికినట్టు సరిపోయింది.

మర్నాడు పొద్దున ఇంట్లో సాధన చేయబోతే వేళ్ళు ఆ గుంటల్లో దిగలేదు. మంచుకి చెక్క ఉబ్బిందన్నాడు వడ్రంగి. వార్నిష్ వేశాడు. మధ్యాహ్నం సరిపోయింది, పొద్దున్న మళ్ళీ పట్టలేదు. రెండో పూత వేశాడు. అదే వరస.

ఇక లాభం లేదని, చెక్కని అది ఉబ్బే వేళకే కొలుద్దామని తెల్లవారుజామున ఐదింటికి వదిన ఇంటికి వెళ్ళాడు. పిడి వెంట్రుకవాసి కూడా ఉబ్బలేదు. వదిన పొయ్యి మీద నీళ్ళు పెట్టి, కాగడం కోసం నిలబడి ఉంది. కుడిచెయ్యి సగం ముడుచుకుని, కణుపులు ఎర్రగా పొంగి ఉన్నాయి. అతన్ని చూసి చెయ్యి కొంగులో దాచుకుంది.

"రోజూ ఇంతేనా?"

"వేణ్ణీళ్ళలో పెడితే కాస్త వదులవుతాయి. స్టేషన్‌కి చేరేసరికి మళ్ళీ మామూలే. చూస్తే జాలిపడతావని చెప్పలేదు."

"జాలిపడే తీరికెక్కడిది వదినా? ఉత్త పుణ్యానికి రెండు పూతలు వేయించావు. ఆ నీళ్ళు దించు. చెయ్యి ఉన్నదున్నట్టు ఇలా పెట్టు."

సంచిలోంచి లప్పం తీశాడు. ఈసారి వచ్చిన పిడి చిలగడదుంపలా ఉంది. దుంపతో వాయించానని లోకమంతా నవ్వుతుందని ఆమె అంది. రేడియోలో దుంప కనపడదులే అన్నాడతను.

సోమవారం ఆరింటికి వడ్రంగి చిత్రిక పక్కనపెట్టి రేడియో పెట్టాడు. పాట సంగతి అతనికి అంతగా తెలియదు. చెక్క నేలకి తగిలితే వచ్చే చప్పుడు మాత్రం బాగా తెలుసు. అరగంటసేపూ దానికోసమే చెవి ఒగ్గి కూర్చున్నాడు. రాలేదు.

మధ్యాహ్నం వదిన వచ్చి, ఇప్పుడు పిడి మరీ వదులుగా ఉందని చెప్పింది. అతను మేకుకి తగిలించిన పాత పిడి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది మధ్యాహ్నానికి. రెండు పూతలేసింది కదా, మెరుస్తుంది కూడా."