తెలీదని రాయకండి

నా కుట్టుమిషను వరదలో మునిగిన మరుసటి ఏడు జరిగిందిది.

ముందుగదిలో నేను మిషను తొక్కుతాను. గుమ్మం పక్కన పీట వేసుకుని మా ఆవిడ కాజాలు కుడుతుంది. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "ఖాళీగానే ఉంటానండీ" అంటుంది, సూది ఆపకుండా.

ఆ మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో కాగితాలు.

"అమెరికా ప్రెసిడెంటు ఎన్నికలండీ. ఇద్దరు నిలబడ్డారు. ఎవరు గెలవాలని బయటి దేశాలవాళ్ళు అనుకుంటున్నారో అడుగుతున్నాం."

"ఆయన లోపలున్నారు, అడగండి" అంది మా ఆవిడ.

"ఇంటికొకర్నేనండీ. మీ ఇంట్లో ఆడవాళ్ళ వంతు పడింది."

వంటగదిలోంచి మా అమ్మ అందుకుంది. "దాన్నా? కూరలో ఉప్పు చాలిందో లేదో నన్నడుగుతుంది. అమెరికా సంగతి దానికేం తెలుసు?"

ఆ అమ్మాయి నవ్వింది. "పర్లేదండీ, తెలీదని రాసేస్తాను. అదీ లెక్కలోకే వస్తుంది."

సూది ఆగింది.

ఆ కాస్సేపట్లో ఏమనుకుందో తర్వాతెప్పుడో నాతో చెప్పింది. దానికేం తెలీదని చిన్నప్పుడు వాళ్ళ నాన్న అన్న మాట అది, పెళ్ళయ్యాక అత్త అన్న మాట, బ్యాంకులో గుమస్తా తనను దాటి మొగుడి మొహం చూసినప్పుడు నోటితో అనకుండానే అన్న మాట. పోనుపోను తనే అనడం నేర్చుకుంది, తెలీదంటే మళ్ళీ ఎవరూ అడగరు, పని సాగిపోతుంది. నీళ్ళు గడప ఎక్కకముందే మిషను తల విప్పి అటకెక్కిద్దామన్నది తనే, నీకేం తెలుసు ఊరుకోమన్నది అత్త, మునిగింది మిషను. ఇప్పుడు సముద్రాలు దాటి, తన పేరైనా లేని కాగితంలో, తన తరపున వెళ్ళేది కూడా ఆ మాటేనా? ఎన్ని ఇళ్ళలోంచి ఎన్ని 'తెలీదు'లు పోతున్నాయో, వాటిలో నిజంగా తెలియనివి ఎన్నో, ఎవరూ నిలబడి వినక అలా మిగిలిపోయినవి ఎన్నో.

"తెలీదని రాయకండి" అంది.

"మరి ఎవరని రాయను?"

"ఆ ఇద్దరూ ఏమంటున్నారో నేనింకా వినలేదు. ఆలోచిస్తోందని రాసుకోండి."

"అలాంటి గడి లేదండీ."

"అయితే రేపు రండి."

"ఆగుతుందిలే అమెరికా, నీ కోసం" అంది అమ్మ.

"ఒక్కరోజేగా అత్తయ్యా. ఆగుతుంది."

ఆ సాయంత్రం రేడియో దగ్గరకు లాక్కుని వార్తలు వింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నంతసేపూ కాజాలు కుట్టింది. యుద్ధం మాట వచ్చినప్పుడు మాత్రం తలెత్తింది. నన్నేమీ అడగలేదు. నాకు గర్వంగా అనిపించింది. ఆ మాట పైకి అనలేదు, అనడం నాకు రాదు.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి వచ్చి మళ్ళీ అడిగింది. మా ఆవిడ సూదిని బట్టకు గుచ్చి, చొక్కా పక్కన పెట్టి, నడుం నిటారు చేసుకుంది.

వరదకు తప్ప పగలెప్పుడూ ఆగని మిషనది. ఆపేశాను, తన మాట వినపడాలని.