నాలుగు వేళ్ల సందు

వీధిలో అందరూ ఆమెను రక్తం అమ్మాయి అంటారు. నలభై రెండేళ్లు వచ్చినా అమ్మాయే. తెల్లారేసరికి ఇంటింటికీ తిరిగి, పరగడుపున ఎదురుచూసే వాళ్ల చేతుల్లోంచి రక్తం తీసి, ఆ చిన్న సీసాలన్నీ ల్యాబులో అప్పగించడం ఆమె పని. మనిషి పొట్టి. కాళ్లు నేలకి ఆనాలని భర్త ఆమె మోటార్‌సైకిల్‌ను కిందికి దింపించాడు. ఎంత దింపించాడంటే, ఇంజను అడుక్కీ నేలకీ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలింది, అంతే.

శనివారం ఆఖరి ఇంటి నుంచి వస్తుంటే వెనక టైరు రాయి మీద కోసుకుపోయింది. మైలు దూరం నెట్టుకొచ్చింది. ఆదివారం పొద్దున మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "ఒక్కణ్ణే ఉన్నానక్కా, షాపు వదిలి రాలేను. చక్రం ఊడదీసి పట్రా, పావుగంటలో టైరు మార్చేస్తా. ఒంటిగంటకి షాపు కట్టేస్తాను మరి" అన్నాడు.

మామూలుగా అయితే భర్త చేసేవాడు. మూడు రోజుల క్రితం నీళ్ల డ్రమ్ము ఎత్తబోయి నడుం పట్టేసి, ముందు గదిలో చాప మీద వెల్లకిలా పడున్నాడు. మెడ తిప్పితే అబ్బా అంటాడు, గొంతు మాత్రం గుమ్మం దాటి వరండా అంతా తిరుగుతుంది.

ఇక మిగిలింది అత్త. ముప్పై ఏళ్లు లాండ్రీలో తడి దుప్పట్లు పిండి, ఇస్త్రీ చేసి, చేతులు రోకళ్లలా చేసుకున్న మనిషి. మోకాళ్లు మాత్రం ఆమెకంటే ముందే రిటైరయ్యాయి. కింద కూర్చోలేదు, వంగలేదు.

"నువ్వు వంగు, నేను పట్టుకుంటా. ఇద్దరం కలిస్తే ఒక మగాడికి సరిపోతాం" అంది కోడలితో.

"ఒక మగాడు లోపల పడుకునే ఉన్నాడు కదా అత్తయ్యా."

"అందుకేగా ఇద్దరు మగాళ్లకి అనకుండా ఒక్కడికని లెక్క తగ్గించింది."

పక్కింటి కారు డ్రైవరు దగ్గర జాకీ తెచ్చారు. కోడలు దాన్ని పూర్తిగా కిందికి దించి బండి పక్కన పెట్టి చూసింది. జాకీయే ఒక వేలు ఎత్తు ఎక్కువ.

"స్టాండు మీద బండి ఎడమపక్కకి వాలి ఉంటుంది కదా, కుడివైపు నుంచి దూర్చెయ్" అన్నాడు భర్త లోపల్నించి.

దూర్చింది. సగం దూరి ఇరుక్కుంది. జాకీ రాడ్డు రెండు చుట్లు తిప్పేసరికి ఏదో కిర్రుమంది.

"ఆపు, ఆపు. పొగగొట్టం వంగుతోంది" అంది అత్త.

కోడలు నేల మీద చతికిలబడింది. వారం రోజులుగా నాలుగున్నరకే లేస్తోంది. మధ్యాహ్నం వంట, మూడు రోజులుగా భర్తకి వేడినీళ్ల కాపడం, సాయంత్రం మళ్లీ రిపోర్టులు ఇచ్చి రావడం. పడుకుంటే లేవలేనేమోనని నిన్న భోజనం కూడా నిలబడే కానిచ్చింది. రేపు ఆరింటి నుంచి పదకొండు ఇళ్లున్నాయి. తను వెళ్లేదాకా అందులో ఎవరూ మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టరు.

"సందు చాలకపోతే బండినే ఎత్తు మీద నిలబెట్టాలి," అంది అత్త కాసేపు ఆలోచించి. "లాండ్రీలో పెద్ద మిషను కింద నీళ్లు చేరితే చెక్కల మీదికి ఎక్కించేవాళ్లం. ఆ విరిగిన మంచం చెక్కలున్నాయిగా, పట్రా."

రెండు చెక్కలు తెచ్చి ఒక్కో చక్రం ముందు ఒకటి పెట్టారు. అత్త హ్యాండిలు పట్టుకుని సీటుకి తుంటి ఆనించింది. కోడలు వెనక నుంచి నెట్టింది. చక్రం ఎక్కలేదు, గచ్చు మీద చెక్కే జారిపోయింది. రెండోసారీ అంతే. ఈసారి కోడలు గోనెసంచి తడిపి చెక్కల కింద పరిచింది. మూడోసారి ముందు చక్రం ఎక్కింది. గాలి లేని వెనక చక్రాన్ని ఎక్కించేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

జాకీ ఇప్పుడు సాఫీగా దూరింది. పొగగొట్టానికి తగలకుండా కోడలు జాకీకీ బండి ఫ్రేముకీ మధ్య చెక్కముక్క పెట్టింది. ముందు బ్రేకు నొక్కి పాత చీర అంచుతో బిగించి కట్టింది. హ్యాండిలుకి రెండు వైపులా తాళ్లు కట్టి, ఒకటి కిటికీ ఊచలకి, ఒకటి వరండా స్తంభానికి లాగింది. రాడ్డు తిప్పుతుంటే బండి మెల్లగా లేచింది. వెనక చక్రం చెక్కని వదిలింది.

"లేచింది" అంది అత్త, తనకే నమ్మకం లేనట్టు.

కోడలు పానా పెట్టి చక్రం నట్టు తిప్పింది. కదల్లేదు. గట్టిగా లాగితే బండి మొత్తం ఊగింది. అత్త రెండు చేతులతో సీటుని వాటేసుకుంది.

"నట్టు ముందే వదులు చేశావు కదా? చక్రం నేల మీద ఉన్నప్పుడే చెయ్యాలి" అన్నాడు భర్త.

కోడలు చేతిలోని పానా వంక చూసింది.

"చెప్పాను కదా?"

"చెప్పలేదురా" అంది అత్త.

కోడలికి ఏడుపు రాలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి. పానా పక్కన పెట్టి, నుదురు మోకాళ్ల మీద ఆనించి కూర్చుంది. అత్త తొందర పెట్టలేదు. బండిని పట్టుకునే నిలబడింది.

"అలసిపోయావా?" అని మాత్రం అడిగింది.

"నిన్నటిదే ఇంకా తీరలేదు అత్తయ్యా."

"నాది లాండ్రీ నాటిది. లే, దించుదాం."

దించారు. కోడలు పానా బిగించి, దాని మీద కాలు పెట్టి, ఉన్న నలభై అయిదు కిలోలూ వేసి తొక్కింది. నాలుగో తొక్కుకి నట్టు టక్కుమని వదిలింది. మళ్లీ జాకీ, మళ్లీ రాడ్డు. ఈసారి చక్రం ఊడి చేతికొచ్చింది. టైము పన్నెండూ ఇరవై.

చక్రాన్ని వీధిలో దొర్లించుకుంటూ షాపు చేరింది. మెకానిక్ షట్టరు సగం దించి ఉన్నాడు. ఆమె ముఖం చూసి మళ్లీ పైకి లేపాడు. టైరు మార్పించుకుని ఆటోలో తిరిగొచ్చేసరికి అత్త బండి పక్కనే కుర్చీ వేసుకుని, ఒక చెయ్యి సీటు మీద ఆనించి కూర్చుంది.

"తాళ్లు కట్టాం కదా అత్తయ్యా, లోపలికెళ్లి పడుకోకపోయారా?"

"తాళ్ల మీద నాకు నమ్మకం లేదు."

చక్రం ఎక్కించి, చెయిను సరిచేసి, జాకీ దించి నట్టు పూర్తిగా బిగించేసరికి మూడు దాటింది. చెక్కల మీంచి బండి దించాక స్టార్టు చేసి చూసింది. బాగానే ఉంది. సంతోషపడాల్సిన సంగతే. ఇద్దరూ పొద్దుటి అన్నంలో పెరుగు కలుపుకుని, కళ్లు మూతలు పడుతుంటే తిన్నారు.

సోమవారం అయిదింటికి కోడలు బ్యాగు సర్దుకుని బయల్దేరబోతుంటే అత్త మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు విరబోసి ఉంది, దువ్వెన ఒళ్లో ఉంది. ముడి వేసుకుందామంటే చేతులు భుజం దాటి పైకి లేవడం లేదు.

"నువ్వెళ్లు, ఆలస్యమవుతుంది. వాడు లేచాక చూసుకుంటాలే."

"ఆయనకి జడ వెయ్యడం ఎప్పుడొచ్చని?"

కోడలు బ్యాగు కింద పెట్టి, మంచం ఎక్కి వెనక కూర్చుంది. చిక్కులు మెల్లగా తీసింది. తన వేళ్లూ సరిగ్గా ముడుచుకోవడం లేదు. జడ వదులుగా వచ్చింది, ముడి ఒక పక్కకి ఒరిగింది. అత్త తడిమి చూసుకుని, చాల్లే అంది.

ఆ రోజు మొదటి ఇంటికి పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. కాఫీ కూడా తాగకుండా కూర్చున్న ఆ ఇంటి పెద్దాయన విసుక్కున్నాడు. ఆమె ఆయన చెయ్యి అందుకుని నరం వెతికింది.