బాలస్వామిగారి జలుబు

పెనుమూడి రేవు మీద మంచు దిగడం మొదలైందంటే ఊరు ఊరంతా దగ్గుతుంది. ముందు పసిపిల్లలు తుమ్ముతారు, తర్వాత వాళ్ళను ఎత్తుకున్నవాళ్ళు తుమ్ముతారు, ఆ తర్వాత అందరూ కలిసి మఫ్లర్లూ తువ్వాళ్ళూ చుట్టుకుని బాలస్వామిగారి వసారాలో బల్ల మీద వరసగా కూర్చుంటారు.

బాలస్వామి చదివి పాసైన డాక్టరేం కాదు. వయసులో ఉండగా తెనాలిలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర కంపౌండరుగా చేశాడు. అక్కడే నర్సుగా ఉన్న కృపమ్మను పెళ్ళి చేసుకుని, భార్యనూ స్టెతస్కోపునూ వెంటబెట్టుకుని సొంత ఊరు వచ్చేశాడు. మనిషి మంచివాడే. జ్వరం మూడోరోజుకు దిగకపోయినా, ఆయాసం కనబడినా, తన దగ్గర ఒక్క క్షణం ఉంచుకోకుండా రేపల్లె ఆస్పత్రికి పంపించేస్తాడు. ఆ విషయంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు.

వంక పెట్టాల్సింది సూది దగ్గర. మామూలు జలుబుకు మందు లేదనీ, వారం పది రోజులుండి దానంతటదే పోతుందనీ ఆయనకు బాగా తెలుసు. వేణ్ణీళ్ళు తాగండి, ఉప్పునీళ్ళు పుక్కిలించండి, ఆవిరి పట్టండి అని కొత్తలో చెప్పి చూశాడు. "ఆ మాట చెప్పడానికి మా ఇంట్లో మా అత్త లేదా?" అని జనం లేచి వెళ్ళిపోయారు. ఆ ఊళ్ళో వైద్యమంటే పొడవాలి. పొడిచిన చోట కాస్త నొప్పి కూడా పుట్టాలి. లేకపోతే అది పలకరింపే కానీ వైద్యం కాదు. ఇక చేసేది లేక ఎవరు తుమ్మినా ఒక బలం సూది, విటమిన్లది, నడుం కింద దించడం అలవాటు చేసుకున్నాడు. "అక్కర్లేని సూది వేయడం పాపమండీ" అని కృపమ్మ పోరుతూనే ఉంది. "వాళ్ళ తృప్తి కోసమేనే" అని ఆయన తప్పించుకుంటూనే ఉన్నాడు.

ఇంకో సంగతి కృపమ్మకు తప్ప ఊళ్ళో మరెవరికీ తెలియదు. బాలస్వామికి సూదంటే ప్రాణభయం. వేయడమంటే కాదు, వేయించుకోవడమంటే. కరోనా టీకాలప్పుడు స్కూలు వరండాలో కళ్ళు తిరిగి పడిపోతే, ఉపవాస ప్రార్థనలో ఉన్నారని కృపమ్మే సర్దిచెప్పింది. ఊరు నమ్మి ఆయన భక్తిని మెచ్చుకుంది.

అటువంటి మనిషికి ఈ డిసెంబరులో జలుబు పట్టుకుంది. మామూలుగా కాదు, ముక్కూ చెవులూ దిబ్బళ్ళు వేసి, గొంతు పూర్తిగా పోయింది. కృపమ్మ పూటపూటా పసుపు నీళ్ళతో ఆవిరి పట్టించి, మిరియాల పాలు తాగించి, మంచం మీద పడుకోమంది. ఆయన పడుకుంటేనా? రోగులు వచ్చారంటూ శాలువా కప్పుకుని వసారాలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

బల్ల మీద మొదట కూర్చున్నది పేరంటాలు. సూర్యలంక నుంచి చేపలు తెప్పించి చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముతుంది. ఆవిడకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే.

"ఏంటి డాక్టరన్నయ్యా, మీక్కూడానా? సూది వేయించుకున్నారా?"

"ఆఁ, వేయించుకున్నా" అని బాలస్వామి గుసగుసగా అన్నాడు.

పేరంటాలు ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "వేయించుకున్నోళ్ళు అట్టా కూర్చోరండి" అంది.

నిజమే. ఆ ఊళ్ళో సూది పడినవాళ్ళెవరైనా రెండు రోజులు ఒక పక్కకు ఒరిగే కూర్చుంటారు. కోతలప్పుడు బల్ల మీద చూస్తే సగం ఊరు ఎడమవైపుకు వాలిపోయి ఉంటుంది. ఈయనేమో కుర్చీ నిండా దర్జాగా, నిటారుగా కూర్చున్నాడు. బాలస్వామి గబుక్కున కుడిపక్కకు ఒరిగాడు. ఒరిగి మరింత దొరికిపోయాడు.

బల్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఆ మందు పాతదైపోయిందేమోనని ఒకరన్నారు. ఆయన వేయించుకోనిది మనకెందుకు వేస్తున్నట్టు అని ఇంకొకరన్నారు. చివర కూర్చున్న చిట్టిబాబు నెమ్మదిగా లేచి, బస్సెక్కి రేపల్లె పోయొస్తానని చెప్పి చక్కా పోయాడు. ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న నమ్మకమంతా ఒక్క పూటలో ఊడ్చుకుపోయేట్టుంది. అది నిలబడాలంటే సూది వేయించుకోవాలి. అది మాత్రం తన వల్ల కాదు.

మిగిలిన దారి ఒక్కటే అనిపించింది, నిజం చెప్పేయడం. "జలుబుకు సూది పనిచేయదు" అన్నాడు ఉన్న గొంతు కూడదీసుకుని.

అందరూ నోళ్ళు తెరిచారు. పేరంటాలు వెళ్ళి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "అయ్యో, జ్వరం తలకెక్కింది. ఏం మాట్లాడుతున్నారో ఆయనకే తెలియట్లేదు. ఇదిగో, మిమ్మల్నే, ఆటో తీసుకురండి" అని భర్త సింగరయ్యను కేకేసింది.

వద్దు వద్దని చేతులూపుతున్నా వినకుండా బాలస్వామిని ఎత్తి ఆటోలో కూలేశారు. రేపల్లెలో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఉమామహేశ్వరి అనే డాక్టరమ్మ గొంతులో లైటు వేసి చూసింది, గుండే ఊపిరీ విన్నది, జ్వరం కొలిచింది. "మామూలు జలుబేనండి. సూది అక్కర్లేదు. ఆవిరి పట్టండి, వేడిగా ఏదైనా తాగుతూ ఉండండి, గొంతుకు విశ్రాంతి ఇవ్వండి. జ్వరం మూడు రోజులకు తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా వెంటనే రండి" అంది.

బాలస్వామికి ఆ అమ్మాయి కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. సింగరయ్య మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "ఒక్కటి, చిన్నదైనా వేయండమ్మా. మా డాక్టరుగారు పెద్ద మనిషి" అని బతిమాలాడు.

"ఎంత పెద్ద మనిషైనా అక్కర్లేదు బాబాయ్" అని ఆవిడ నవ్వింది.

తిరుగు ప్రయాణంలో తీర్పు వచ్చేసింది. "చిన్నపిల్ల, ఇంకా చెయ్యి తిరగలేదు. మన డాక్టరుగారే అయితే ఈపాటికి రెండు వేసుండేవారు" అన్నాడు సింగరయ్య. ఆ పొగడ్తకు బాలస్వామి ఆటో మూలకు ఒదిగిపోయాడు.

ఇంటి ముందు పదిమంది కాచుకుని ఉన్నారు. రేపల్లెలో సూది దొరకలేదన్న వార్త విని పేరంటాలు తల పట్టుకుంది. "ఇక మనమే ఏదో చేయాలి. వదినా, నువ్వు తెనాల్లో నర్సువే కదా?"

కృపమ్మ భర్త వైపు చూసింది. భర్త కళ్ళతోనే వద్దని వేడుకున్నాడు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, ట్రే తీసుకొచ్చింది. "ఊరందరికీ పొడిచారు. ఒక్కటి రుచి చూడండి, ఏం కాదు" అని ఆయనకు మాత్రమే వినబడేట్టు చెప్పి, తెర వెనక్కి తీసుకెళ్ళి బోర్లా పడుకోబెట్టింది. ఆవిడ చేతిలో కొంచెం కసి కూడా ఉందేమో, ఆ సంగతి దేవుడికే తెలియాలి.

"చచ్చాన్రో దేవుడో!"

ఆ కేకకు రేవులో పడవల దగ్గరున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. బయట పేరంటాలు చప్పట్లు కొట్టింది. "విన్నారా! గొంతు వచ్చేసింది! సూది అట్టా దిగిందో లేదో, గొంతు ఇట్టా వచ్చింది!"

మర్నాడు పొద్దున బల్ల సరిపోలేదు. జనం మెట్ల మీదా, గేటు దగ్గరా కూర్చున్నారు. రేపల్లె వెళ్ళిన చిట్టిబాబు కూడా అందరికంటే ముందే వచ్చి తుమ్ముతున్నాడు. బాలస్వామి ఒక పక్కకు ఒరిగి కూర్చుని వాళ్ళను చూశాడు. సూది పడిన చోట ఇంకా సలుపుతోంది. ఇన్నేళ్ళుగా ఎంతమందికి ఈ నొప్పి పెట్టానో అనుకుంటే సిగ్గేసింది, నిజంగానే ఏడుపొచ్చింది. నిన్న తాను తప్పించుకోవడానికి చెప్పిన మాటే ఇవాళ వాళ్ళ కోసం చెప్పాలనుకున్నాడు. లేచి నిలబడి, బాగుపడిన గొంతుతో అందరికీ వినబడేట్టు అన్నాడు.

"వినండమ్మా. జలుబుకు సూది అక్కర్లేదు. నాకు తగ్గింది ఆవిరికి, వేణ్ణీళ్ళకి. మీరూ ఇళ్ళకు పోయి అదే చేయండి. ఇవాళ్టి నుంచి జలుబుకు నేను సూది వేయను."

ఎవరూ కదల్లేదు. పేరంటాలు లేచి దగ్గరికి వచ్చింది. ఆవిడ ముక్కు ఎర్రగా ఉంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, జలుబుకో మరి మనసుకో.

"మీకైతే సూది, మాకైతే వేణ్ణీళ్ళా అన్నయ్యా? అంత కానివాళ్ళమైపోయామా?"

అంటూనే ఆవిడ తెర వెనక్కి వెళ్ళి బోర్లా పడుకుంది.