మగ్గులో గీతలు

మా అత్తగారు ఒకరి మాట వినే రకం కాదు. వాంతులు, విరేచనాలతో పడిపోయి, కిడ్నీలు మొరాయించి, ఆసుపత్రిలో డయాలసిస్ మిషను మీదుండి వచ్చిన మనిషి, ఇంట్లో అడుగుపెట్టగానే చీపురు ఎక్కడుందని అడిగారు.

పంపేముందు నర్సు నా చేతికి గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఇచ్చింది. "మూత్రం ప్రతిసారీ ఇందులో పట్టి కొలవండి. తగ్గితే ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి. కిడ్నీలు కోలుకుంటున్నాయో లేదో మనకి ముందుగా తెలిసేది దీంతోనే."

అత్తగారు సిగ్గుతో చచ్చిపోయారు. "ఛీ, కోడలికి చూపించేవా ఇవి!"

"అయితే మీ అబ్బాయికి చూపించండి," అన్నాను. దెబ్బకి నోరు మూశారు.

నేను బట్టల దుకాణంలో పనిచేస్తాను. సెలవు అయిపోవచ్చింది. ఇక రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని ఓనరు ఫోన్లు. ఆవిడ వినకూడదని వరండాలోకి పోయి మాట్లాడేదాన్ని. ఆవిడవి పాముచెవులని మరిచిపోయాను.

మొదట్లో కొలత అంతంతమాత్రం. తర్వాత పెరుగుతూ వచ్చింది, రంగూ తేటపడింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పాదాలు ఉబ్బినట్టు కనిపించినా, కూర్చునే ఉంటున్నారు కదా అని సరిపెట్టుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక పొద్దున ఆవిడ బాత్రూంలోంచి రాగానే మగ్గు అందుకున్నాను. చల్లగా ఉంది. అప్పుడే పోసిన మూత్రం చల్లగా ఎలా ఉంటుంది?

"అత్తయ్యా, ఇందులో నీళ్ళు కలిపారా?"

ఆవిడ తలెత్తలేదు. "నాలుగు రోజుల్నించీ, కొంచెమేనే. నావల్ల నీ ఉద్యోగం పోతే ఎలా?"

ఒళ్ళు మండిపోయింది. చెడామడా దులిపేద్దామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.

రక్తపరీక్ష చూసి డాక్టరు మళ్ళీ మిషను మీద పెట్టాలన్నారు.

"ఈసారి కోలుకుంటాయా?"

"చెప్పలేమమ్మా."

"నాలుగు రోజుల ముందే తెచ్చుంటే?"

ఆయన నావైపు చూడకుండా, "అదీ చెప్పలేం," అన్నారు. నామీద జాలిపడ్డారని అర్థమైంది. ఆ జాలి నేను భరించలేకపోయాను.

సాయంత్రం ఆసుపత్రి మంచం దగ్గర మగ్గు తీసి చూశాను. అడుగు తడిసింది, అంతే. అత్తగారు మగతలోనే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎంతొచ్చిందే?"

"రెండో గీత దాటింది, అత్తయ్యా."

"ఈసారి నీళ్ళు కలపలేదు. నీమీదొట్టు."

"నాకు తెలుసు."

ఆవిడ ముఖం తేటపడింది. "మరింకేం, రేపు పనిలోకి వెళ్ళు."