రత్నాకర్ సేట్ బండి వెనక రాత

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఒత్తులు ఇంకా నా మాట వినవు. రాయడం కూడా నిదానమే. యాభై దాటాక పలక పట్టినదాన్ని. బ్రేకుల దుకాణం నడిపే దేవప్రసాద్ భార్య జయమణి నేర్పింది. ఈ వయసులో ఎందుకక్కా అని ఆమె అడిగితే, "ఒక మాట రాసేదుంది" అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

నా భర్త బాలకిషన్ నాంపల్లిలో రత్నాకర్ సేట్ కాగితం గోదాములో పికప్ బండి నడిపేవాడు. కాగితం కంటికి తేలిక, బండికి బరువు. సగం ఎత్తు పేర్చినా ఇటుకల లోడంత అవుతుంది. సేట్ నిండా పేర్పించేవాడు. "బ్రేకు కిందికి పోతుంది సేట్" అని ఈయన చెప్పినప్పుడల్లా, "నడపొచ్చినోనికి బ్రేకెందుకురా" అని నవ్వేవాడు. ఒక వానాకాలం పొద్దున చాదర్‌ఘాట్ వైపు దిగే రోడ్డు మీద బండి ఆగలేదు. ముందు బస్సు కోసం నిలబడ్డ జనం ఉన్నారు. ఈయన బండిని పక్క గోడకు కొట్టాడు. జనం బతికారు, ఈయన పోయాడు.

చావు కంటే ఎక్కువ కాల్చింది తర్వాతి మాట. "పొద్దుగాల్నే తాగి నడిపిండు" అని సేట్ బజారంతా చెప్పాడు. నా భర్త మందు ముట్టిన మనిషి కాదు. దవాఖానలో కూడా మందు లేదనే తేలింది. కానీ బజారుకు దవాఖాన మాటతో పనేముంది? దేవప్రసాద్ దుకాణం పక్కన నేను చాయ్ బండి పెట్టుకుంటే, "తాగి సచ్చిండు చూడు, ఆయన భార్య" అని నన్ను గుర్తు చెప్పుకునేవారు. సేట్ జాలి నాకు అక్కర్లేదు. ఆ మాటను అతని చేతనే మింగించాలి. ఆ కోరికతోనే పొద్దున పొయ్యి వెలిగించేదాన్ని.

సేట్ ఆ బండికే కొత్త ముఖం బిగించి, రంగు వేయించి మళ్లీ తిప్పాడు. మొన్న వేసవిలో శ్రీహరి అనే డ్రైవర్ దాన్ని మా సందులోకి తెచ్చాడు.

"పెడల్ మెత్తగైంది దేవన్నా, జర చూడు."

బండి నంబరు నేనే చదివాను. ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

దేవప్రసాద్ బండి కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత, "అక్కా, గిట్ల రా" అని పిలిచాడు. గోనె పరుచుకుని నేనూ దూరాను.

"బరువు మోసే గీ కమాన్ పట్టీలు చూసినవా? కొన్ని బండితోని వచ్చినయి కావు. బరువుకు బండి కుంగొద్దని మీదికెళ్లి ఎక్కించిన్రు."

"ఎక్కిస్తే ఏమైతది తమ్మీ?"

"గీ సన్న కడ్డీ చూడు. లోడుకు బండి కుంగితే గిది కదులుతది. కదిలితేనే వెనక చక్రాలకు బ్రేకు ఎక్కువ పంపాలని గీ వాల్వుకు తెలుస్తది. బండి కుంగకపోతే?"

"ఖాళీ బండే అనుకుంటది."

"ఔ. వెనక బ్రేకు సరిగ పడదు. బరువంత ముందు బ్రేకుల మీద పడి అవి కాగిపోతయి. ఇగ ఎంత తొక్కినా ఆగదు." అతను ఆ కడ్డీని వేలితో తట్టి, "బాలన్న కాలు అడుగుకంటేదాక తొక్కే ఉంటడు అక్కా" అన్నాడు.

అక్కడ, నల్లటి నూనె చుక్క ఒకటి నా చెంప మీద పడింది. తుడుచుకోలేదు. ఏడవనూ లేదు. నాకు దారి దొరికింది.

దేవప్రసాద్ సేట్‌కు ఫోన్ చేశాడు. ఫోనులో గొంతు మా అందరికీ వినపడింది. "పట్టీలు ముట్టకు. ఎక్కువ లోడు పోలీసోళ్లకు కనపడొద్దనే ఏయించిన. బ్రేకు లైనర్లు మార్చి తోలు."

"సగం పని నేను చెయ్య సేట్" అని దేవప్రసాద్ పెట్టేశాడు.

నేను శ్రీహరికి చాయ్ పోశాను. "గీ సీట్లనే నా మొగడు సచ్చిండు బిడ్డా. రేపు నువ్వు సస్తే నిన్నుగూడ తాగుబోతే అంటడు."

అతను చాయ్ సగంలో వదిలేశాడు. ఖాళీ బండిని మెల్లగా గోదాముకు చేర్చి, తాళం చెవి సేట్ బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

మా దగ్గర డ్రైవర్ల అడ్డాలో ఒక కట్టుబాటు ఉంది. బ్రేకు లేదని ఒకడు దిగిన బండిని, అది బాగయ్యేదాకా ఇంకొకడు ఎక్కకూడదు. ఎక్కినవాడికి అడ్డాలో చోటు ఉండదు. నా భర్త మొహమాటానికి పోయి ఆ మాట అడ్డాలో అనలేదు, దిగలేదు. శ్రీహరి దిగాడు. అది నాంపల్లిలో, గౌలిగూడలో అందరికీ తెలిసేదాకా నేను ప్రతి గ్లాసుతోపాటు ఆ పట్టీల సంగతి కూడా అందించాను.

జీతం పెంచుతానన్నా సేట్ బండిని ఎవరూ ముట్టలేదు. బడులు తెరిచే రోజులు. ప్రెస్సుల వాళ్లు కాగితం కోసం అరుస్తున్నారు. చివరికి సేట్ తానే స్టీరింగ్ పట్టాడు, ఎప్పటిలాగే నిండా లోడుతో.

శ్రీహరి పరుగున వచ్చాడు. "పెద్దమ్మా! అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు కాడ సేట్ ఫుట్‌పాత్ ఎక్కించిండు!"

పొయ్యి ఆర్పి వెళ్లాను. బండి స్తంభానికి ఆనుకుని ఉంది. ముందు చక్రాల నుంచి పొగ వస్తోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సేట్‌కు కూడా తగల్లేదని చూసి నేనేమీ సంతోషపడలేదు. చుట్టూ జనం.

"ఏందన్నా, పొద్దుగాల్నే ఏసినవా?"

"సిగ్నల్ రెండు కనపడ్డట్టున్నయి!"

నేను కిటికీలోంచి తల లోపలికి పెట్టి, సేట్ ముఖం దగ్గర గట్టిగా వాసన పీల్చాను.

"మందు వాసన రాట్లేదు గద సేట్. మరి బండెందుకు ఆగలే?"

నన్ను గుర్తుపట్టాడు. "బ్రేకు పడలేదమ్మా. తొక్కిన. అడుగుకంటింది."

"జర గట్టిగ చెప్పు. ఈళ్లకు వినపడలే."

"బ్రేకు పడలే!"

"బాలకిషన్‌కు పడిందా?"

అతను పొగ వైపు చూశాడు. "పడలే."

"తాగిండా?"

"తాగలే" అన్నాడు. నా డ్రైవర్ తాగలేదు అని మళ్లీ ఒకసారి, నేను అడగకుండానే అన్నాడు.

అంతటితో నాకు సరిపోయిందనుకోకండి. అతని అబద్ధం ఏళ్లకేళ్లు బజారులో తిరిగింది. నిజం ఒక్క పూట వినపడితే చాలా?

బండిని లాక్కొచ్చి దేవప్రసాద్ దుకాణం ముందు పెట్టారు. సేట్ ఎక్కించిన పట్టీలను అతను ఊడదీశాడు. కడ్డీ సరిచేశాడు. ప్యాడ్లు, లైనర్లు, చాయ్ డికాషన్‌లా నల్లబడ్డ బ్రేక్ ఆయిల్ మార్చాడు. పైపుల్లో గాలి తీసేటప్పుడు ఒకరు పెడల్ తొక్కాలి. నా చాయ్ బండి పక్కనే కాబట్టి ఆ దుకాణంలో ఆ పని ఎప్పుడూ నాదే. బాలకిషన్ సీట్లో కూర్చున్నాను. కింద నుంచి దేవప్రసాద్ "దబా... పకడ్... ఛోడ్" అంటుంటే తొక్కాను, పట్టాను, వదిలాను. మొదట కాలు అడుగుదాకా పోయింది. గాలి పోతున్న కొద్దీ పెడల్ గట్టిపడి, చివరికి నా కాలిని ఆపింది. ఈ గట్టిదనం ఆ ఒక్క పొద్దు ఆయన కాలి కింద ఉండి ఉంటే సరిపోయేది. సేట్ చూస్తున్నాడని ముఖం పక్కకు తిప్పుకుని దిగాను.

"అయిపోయిందా? ఇగనన్న డ్రైవర్ ఎక్కుతడా?" అన్నాడు సేట్.

శ్రీహరి నా వైపు చూపించాడు. "బ్రేకులైనయి సేట్. పెద్దమ్మ పని మిగిలింది."

తెల్ల పెయింటు డబ్బా, కుంచె తెచ్చాను. బండి వెనక దించే తలుపు మీద రాయడం మొదలుపెట్టాను. బాలకిషన్ తాగలేదు. సేట్ బ్రేకులు చేయించలేదు.

"నా బండి మీద నా ఇజ్జతే తీస్తవా?" సేట్ కుంచెకు అడ్డం వచ్చాడు.

"నా మొగని ఇజ్జత్ గీ బండి మీదనే పోయింది. గీడనే పెడుతున్న. పక్కకు జరుగు సేట్, నీడ పడుతుంది."

జరిగాడు.

ఆ బండి ఇప్పుడు శ్రీహరి చేతిలో రోజూ గోదాము నుంచి అబిడ్స్‌కు, అక్కడి నుంచి చాదర్‌ఘాట్‌కు తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర వెనక ఆగినవాళ్లందరూ చదువుతారు. సేట్ ఒకసారి దాని మీద రంగు పూయించాడు. మర్నాడు శ్రీహరి తాళం చెవి మళ్లీ బల్ల మీద పెట్టాడు. నేను వెళ్లి మళ్లీ రాశాను, ఈసారి ఇంకా పెద్దగా. పెయింటు డబ్బా నా చాయ్ బండి కింద, చక్కెర డబ్బా పక్కనే ఉంది. ఎండిపోకుండా మూత గట్టిగా బిగించాను.

శశికళ, వయసు యాభై తొమ్మిది. ఇప్పుడు గౌలిగూడలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను.