తొడ మీద ఎరుపు

మూడేళ్ల బోంగ్‌కు ఆటలమ్మ తగ్గుముఖం పట్టింది. పొక్కులు ఎండాయి, జ్వరం పోయింది. హమ్మయ్య అనుకుని తండ్రి కొబ్బరికాయల పడవెక్కి కాలవ దిగువకు వెళ్లాడు.

మర్నాడు పొద్దున పిల్ల ఒళ్లు మళ్లీ పెనంలా కాలింది. తల్లి న్యూంగ్ నిలబెట్టబోతే కుడికాలు మోపలేక కెవ్వుమంది. తొడ మీద గోకిన పొక్కు చుట్టూ అరచేయంత ఎరుపు.

"గోక్కుంది, వాచింది. ఆకు నూరి పట్టేస్తే సాయంత్రానికి దిగుతుంది," అంది అత్త ముయ్.

"వట్టి పొక్కుకి ఇంత నొప్పేంటి అత్తయ్యా? ఆసుపత్రికి పోదాం."

"ఈ నది గాలిలో పిల్లని తిప్పుతావా? నా నలుగురు పిల్లలకీ పోసింది ఆటలమ్మ. ఒక్కర్నీ గడప దాటించలేదు. నీకన్నీ భయాలే."

న్యూంగ్ బస్తాల మీద గుర్తులు పెట్టే పెన్ను తెచ్చి, ఎరుపు అంచు వెంట గీత గీసి, పొయ్యి మీద అన్నం పెట్టింది. అన్నం ఉడికి దించేసరికి ఎరుపు గీత దాటింది. మధ్యలో చర్మం నీలంగా మెరుస్తోంది. పిల్ల ఏడుపు మానేసి కళ్లు తేలేస్తోంది.

"అత్తయ్యా, గీత చూడండి!"

ముయ్ వంగి తొడ నొక్కింది. చెక్కలా గట్టిగా తగిలింది. చటుక్కున లేచి బయటికి పోయింది. ఆకు కోసమేననుకుని న్యూంగ్‌కు ఒళ్లు మండింది. అంతలో రేవులోంచి కేక.

"ఇంకా నిలబడ్డావేమే? పిల్లని చుట్టుకుని రా!"

ఆటు వేళ, కాలవలో నీళ్లు తీశాయి. ఇంటి చిన్న పడవ బురదలో కూరుకుపోయింది. ముసలామె మోకాలి లోతు బురదలో దిగి భుజం ఆనించి నెట్టింది. కదల్లేదు. న్యూంగ్ పిల్లని పడవలో పడుకోబెట్టి తనూ దిగింది. ఇద్దరూ కలిసి నెడితే జారింది. దారంతా న్యూంగ్ కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. సగం దూరం పోయాక బోంగ్ పలకడం మానేసింది.

"ఈ గీత ఎప్పుడు గీశావు?" అడిగింది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

"అన్నం పొయ్యి మీద పెట్టినప్పుడు."

ఆవిడ లోపలికి తిరిగి గట్టిగా అరిచింది. స్ట్రెచర్ వచ్చింది. "పుండులోంచి సూక్ష్మజీవులు కండ దాకా దిగాయి. ఇంజెక్షన్లు ఒక్కటే చాలవు. చచ్చిన కండంతా ఇప్పుడే కోసి తీసెయ్యాలి."

"కాలుంటుందా?" అంది ముయ్.

"ముందు పిల్ల దక్కాలమ్మా."

మళ్లీ మళ్లీ కోశారు. కాలు దక్కింది గానీ, తొడలో లోతైన సొట్ట మిగిలింది. చాన్నాళ్లకు గొట్టాలన్నీ తీశాక బోంగ్ కళ్లు తెరిచి విసుక్కుంది.

"నానమ్మా, నీ కాళ్లకి బురదేది?"

పడవ నెట్టిన నాటి ఆ బురద కడుక్కుని ఎన్నాళ్లో అయింది. ముయ్ నవ్వబోయి, మంచం పట్టె పట్టుకుని భోరుమంది.